మూడు నెలల వాన, మూడు నెలల బడి



ఈసారి రాత కొంచెం పొడుగు. తెలుగు అక్షరాలు రానివాళ్ళు ఇంట్లో వచ్చినవాళ్ళ చేత చదివించుకోండి. ఎప్పటిలాగే నేనే చదివి, రికార్డు చేసి, మన వాట్సాప్ గుంపులో కూడా పెడతాను. ఇలా చెప్పుకోవలసి రావడమే ఈ వ్యాసం రాయడానికి కారణం.

మన ఆదివారం తెలుగు తరగతి ఆగిపోయిందన్న కబురు నాకు బ్యాంకాక్‌లో అందింది. మొదలుపెట్టిన రోజు 23 మంది పిల్లలు వచ్చారు. ఆఖరి ఆదివారం వచ్చినవాళ్ళు ముగ్గురు. పంతులమ్మగారు మంచివారు, పుస్తకాలు ఉచితం, కాఫీ, సుండల్ కూడా పెట్టాం. అయినా నిలవలేదు. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. ఆ కబురు విన్న వారమే నేను అక్కడ చూసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఊరికి వచ్చినా అవి నా తలలోంచి పోవడం లేదు. అవే మీ ముందు పెడుతున్నాను.

మా పెద్దోడికి అక్కడ ఉద్యోగం. కోడలికి రెండో కాన్పు కావడంతో నేనూ మీ వదినా జూలై, ఆగస్టు నెలలు అక్కడే ఉన్నాం. ఆమెకు ఇంట్లో పని, నాకు వీధిలో పని. పొద్దున మార్కెట్టుకు పోయి రావడం, తర్వాత గుళ్ళు చూసి రావడం.

బ్యాంకాక్‌లో వాన సుమారుగా మే నడుమ మొదలై అక్టోబరు దాకా ఉంటుంది. మన కోయంబత్తూరులో లాగా రోజంతా జల్లు పడుతూ ఉండదు. పొద్దున ఎండ. మధ్యాహ్నానికి ఉక్క. సాయంత్రం నాలుగో అయిదో అయ్యేసరికి ఆకాశం నల్లబడి కుండతో కుమ్మరించినట్టు గంటసేపు పడుతుంది. వాళ్ళు సందును 'సోయ్' అంటారు. మా సోయ్‌లో ఆ గంటకే మోకాలి కింది దాకా నీళ్ళు. అక్కడి జనం దానికి కంగారు పడరు. చెప్పులు చేత పట్టుకుని, ప్యాంటు పైకి మడుచుకుని నడుస్తారు. బండి మీద నూడుల్స్ అమ్మే ఆవిడ గొడుగు కాస్త వంచుకుని, పొయ్యి ఆర్పకుండా అమ్ముతూనే ఉంటుంది. నారింజ రంగు చొక్కా తొడుక్కున్న మోటారుసైకిల్ టాక్సీవాళ్ళు సందు మొదట్లో రేకు కింద వరసగా కూర్చుని వాన తగ్గేదాకా కబుర్లు చెప్పుకుంటారు.

ఆ ఊరు నది తెచ్చిన బురద మీద కట్టిన ఊరు. 1767లో బర్మా సైన్యం పాత రాజధాని అయుత్తయను కాల్చేసింది. ఆ తర్వాత కొన్నేళ్ళు థోన్‌బురి రాజధాని. 1782లో మొదటి రామ రాజు నదికి ఇవతలి ఒడ్డున బ్యాంకాక్‌ను కట్టించాడు. అప్పట్లో వీధులంటే కాలువలే. ఇళ్ళు కొయ్య స్తంభాల మీద, లేకపోతే నీళ్ళ మీద తేలే తెప్పల మీద. వాన వస్తే నీళ్ళు ఇంటి కింద నుంచి పోయేవి. 1860లలో చరోన్ క్రుంగ్ రోడ్డు వచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్క కాలువనే పూడ్చి రోడ్లు వేసుకుంటూ వచ్చారు. నీళ్ళకు దారి పోయింది, అందుకే ఇప్పుడవి రోడ్డు మీద నిలుస్తున్నాయి. 2011లో దేశమంతా వచ్చిన వరదకు 800 మందికి పైగా చనిపోయారు. మిగిలిన కాలువల్లో సేన్ సేప్ కాలువ మీద ఇప్పటికీ పడవలు నడుస్తున్నాయి. ఎదురుగా ఇంకో పడవ వస్తే నీళ్ళు చిమ్మకుండా జనమే తాడు లాగి పక్క పరదాను పైకెత్తుకుంటారు. నేనూ రెండు రోజుల్లో నేర్చుకున్నాను.

ఇక ఆ భాష. థాయి భాష మన కుటుంబంలోది కాదు. కానీ చెవి పెట్టి వింటే మనకు తెలిసిన మాటలు వరసగా వస్తాయి. కాలాన్ని 'రుదూ' అంటారు. అది మన ఋతువే. జూలై 'కరకడాఖోమ్', ఆగస్టు 'సింగ్హాఖోమ్', సెప్టెంబరు 'కన్యాయోన్', అక్టోబరు 'తులాఖోమ్'. కర్కాటకం, సింహం, కన్య, తుల. ఈ పేర్లు మరీ పాతవి కావు, 1889లో ఒక రాజకుమారుడు కూర్చినవి. కానీ ఆయన వాటిని మన రాశుల నుంచే తీసుకున్నాడు. భాష 'ఫాసా', అక్షరం 'అక్సోన్', విద్య 'విచా', గురువు 'ఖ్రూ', ఆచార్యుడు 'ఆచాన్'. పుణ్యం 'బున్', పాపం 'బాప్'.

అన్నిటికంటే నన్ను పట్టుకున్న మాట 'ఫన్సా'. ఇది మన 'వర్షం'. వర్షం అంటే వానా, ఏడాదీ రెండూ కదా. అక్కడ కూడా ఒక భిక్షువు భిక్షువై ఎన్నేళ్ళయిందో ఫన్సాలలోనే లెక్కపెడతారు. ఇద్దరు భిక్షువులు కలిస్తే ఎవరు ఎవరికి ముందు మొక్కాలో తేల్చేది పుట్టిన తేదీ కాదు, గడిపిన ఫన్సాలు. పదేళ్ళ సన్యాసికంటే పదకొండేళ్ళ సన్యాసి పెద్ద, వయసులో చిన్నవాడైనా సరే.

ఈ ఫన్సా మన దేశంలో పుట్టిన ఆచారమే. బుద్ధుడి కాలంలో భిక్షువులు ఏడాది పొడుగునా ఊళ్ళు తిరిగేవారు. వానల్లో కూడా తిరుగుతూ లేత పైరును తొక్కుతున్నారని, పురుగూ పుట్రా చంపుతున్నారని జనం గొణిగారు. పక్షులు కూడా వానాకాలంలో గూడు కట్టుకుంటాయి కదా, వీళ్ళకేమి అన్నారు. అప్పుడు బుద్ధుడు వానాకాలం మూడు నెలలూ ఒకే తావున ఉండాలని నియమం పెట్టాడని వినయ గ్రంథం చెప్తుంది. తప్పనిసరి పని పడితే ఏడు రోజులకు మించకుండా పోయి రావచ్చు. మన స్వాములు చాతుర్మాస్యం అని ఒకే ఊళ్ళో దిగేదీ, జైన మునులు కదలకుండా ఉండేదీ ఈ కాలంలోనే. ఇక్కడ అది సన్యాసులకే మిగిలింది. థాయిలాండ్‌లో మాత్రం ఇంటింటి పండుగ అయింది.

ఆషాఢ పూర్ణిమ రోజున మనకు గురుపూర్ణిమ. వాళ్ళకు 'ఆసాన్హ బూచా', అంటే ఆషాఢ పూజ. బుద్ధుడు సారనాథ్‌లో మొదటి ఉపదేశం చేసిన రోజు. మరునాడు 'ఖావ్ ఫన్సా', వర్షావాసంలోకి ప్రవేశం. మా సందుకు దగ్గరలో ఉన్న చిన్న గుడికి ఆ సాయంత్రం మేమందరం పోయాం. అందరి చేతుల్లో ఒక తామర మొగ్గ, మూడు అగరువత్తులు, ఒక కొవ్వొత్తి. గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు. సగం తిరిగేసరికి వాన. ఎవరూ పరుగెత్తలేదు. కొవ్వొత్తికి చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచారు. ఆరిపోయినవాళ్ళు పక్కవాళ్ళ దాంట్లోంచి ముట్టించుకున్నారు. మీ వదినది నాలుగుసార్లు ఆరిపోయింది. నాలుగుసార్లూ ఎవరో ఒకరు వెలిగించి పెట్టారు.

ఆ మూడు నెలలూ భిక్షువులు కదలరు కాబట్టి, వాళ్ళకు కావలసినవన్నీ జనం ముందే తెచ్చి ఇస్తారు. పెద్ద పెద్ద మైనపు కొవ్వొత్తులు ఇస్తారు. పూర్వం రాత్రిపూట చదువుకోవడానికి అదే దీపం. ఇప్పుడు కొందరు ట్యూబులైట్లు, బల్బులు కూడా ఇస్తున్నారు. అంగళ్ళలో పసుపు రంగు బకెట్లలో సబ్బు, మందులు, పళ్ళపొడి అన్నీ సర్ది అమ్ముతారు. వాటిలో ఒక బట్ట ఉంటుంది, వానలో స్నానం చేయడానికి కట్టుకునే బట్ట. దీనికొక కథ ఉంది. శ్రావస్తి నగరంలో విశాఖ అనే గృహిణి భిక్షువులను భోజనానికి పిలవడానికి దాసిని పంపింది. ఆ సమయానికి వాళ్ళు వానలో బట్టలు లేకుండా స్నానం చేస్తున్నారు. దాసి వెనక్కి వచ్చి అక్కడ భిక్షువులెవరూ లేరని చెప్పింది. విశాఖకు విషయం అర్థమైంది. బతికినన్నాళ్ళూ భిక్షువులకు వానబట్ట ఇచ్చే వరం బుద్ధుడిని అడిగి పుచ్చుకుంది. దాదాపు 2,500 ఏళ్ళ కిందటి ఆ కోరిక ఇప్పుడు బ్యాంకాక్ సూపర్‌మార్కెట్‌లో బకెట్‌లో కూర్చుంది.

రాజుగారికి కూడా ఆ రోజు పని ఉంటుంది. వాట్ ఫ్ర కేవ్‌లో పచ్చరాయి బుద్ధుడు ఉన్నాడు. ఎత్తు 66 సెంటీమీటర్లే. ఆయనకు ఎండాకాలానికి, వానాకాలానికి, చలికాలానికి మూడు బంగారు అలంకారాలు. ఎండ, వాన అలంకారాలు మొదటి రామ రాజు చేయించినవి, చలికాలానిది మూడో రామ రాజు చేయించినది. ఖావ్ ఫన్సా రోజున ఎండాకాలపు అలంకారం తీసి వానాకాలపుది తొడుగుతారు. అది భిక్షువు చీవరంలా ఒక భుజం వదిలి ఉంటుంది. బుద్ధుడు కూడా ఆ మూడు నెలలు భిక్షువుగా కూర్చున్నట్టు అన్నమాట.

ఇంతవరకు పండుగ సంగతి. నేను చెప్పదలచుకున్నది ఇక్కడి నుంచి.

సందు మొదట్లో నన్ను రోజూ మార్కెట్టుకు తీసుకుపోయే మోటారుసైకిల్ టాక్సీ ఆయన ఒకరున్నారు. యాభై దాటి ఉంటాయి. నన్ను 'లుంగ్' అనేవాడు, పెదనాన్న అని. ఒక వారం రోజులు కనపడలేదు. వచ్చాక మా పెద్దోడి చేత అడిగించాను. కొడుకు మూడు నెలలకు భిక్షువైతే ఆ పనుల మీద తిరిగాడట. ఆ కుర్రవాడు కారు విడిభాగాల అంగడిలో పని చేస్తాడు. యజమాని జీతం లేకుండా సెలవిచ్చాడు. ప్రభుత్వ ఉద్యోగులకైతే ఇందుకు 120 రోజుల దాకా జీతంతోనే సెలవు. ఇంట్లోకి వచ్చే జీతం మూడు నెలలు ఆగిపోతుంది కదా, కష్టం కాదా అని అడిగాను. ఆయన నవ్వి చెప్పిన మాటకు మా వాడు ముందు తెలుగు వెతుక్కున్నాడు. వెతికితే సరిగ్గా మన మాటే దొరికింది. 'ఇన్నాళ్ళూ వాడు పచ్చివాడు. బయటికి వచ్చేసరికి పండుతాడు.'

అది ఆయన సొంత మాట కాదని తర్వాత తెలిసింది. థాయి వాడుకలో భిక్షువుగా ఒక్కసారైనా ఉండని మగవాడు 'ఖోన్ దిప్', పచ్చి మనిషి. ఉండి వచ్చినవాడు 'ఖోన్ సుక్', పండిన మనిషి. పూర్వం పచ్చివాడికి పిల్లనివ్వడానికి వెనకాడేవారు. తిరిగి వచ్చినవాడిని పేరుకు ముందు 'తిత్' అని పిలిచేవారు. ఆ తిత్ మరేదో కాదు, మన 'పండితుడు' అరిగి అలా అయింది. ఒక్క వానాకాలం గుడిలో ఉండి వస్తే పండితుడే. రాజులకూ మినహాయింపు లేదు. నాలుగో రామ రాజు మోంగ్‌కుట్ గద్దె ఎక్కక ముందు 27 ఏళ్ళు భిక్షువు. భూమిబోల్ రాజు 1956లో 15 రోజులు భిక్షువుగా ఉన్నాడు.

పండితుడు అన్న మాట ఊరికే రాలేదు. ఆ మూడు నెలలూ చేసే పని చదవడమే. పాలి సూత్రాలు, నియమాలు, వాటితో పాటు అక్షరాలు. ఇప్పటిలా బడులు లేని కాలంలో రాయడం, చదవడం, లెక్కలు, వైద్యం నేర్పింది గుడులే. 1687లో ఫ్రెంచి రాయబారిగా అయుత్తయకు వచ్చిన సిమోన్ ద లా లూబేర్, అక్కడి మగపిల్లలకు చదువు చెప్పేది భిక్షువులేనని రాశాడు. ఆ రోజుల్లోనే, నరై రాజు కాలంలో, థాయిలో మొదటి వాచకం అని చెప్పుకునే పుస్తకం వచ్చింది. దాని పేరు 'చిందామణి', మన చింతామణి.

వాట్ ఫో గుడిలో 46 మీటర్ల పొడవున పడుకున్న బుద్ధుడిని చూడటానికి అందరూ పోతారు. నేనూ పోయాను. కానీ నన్ను నిలబెట్టినవి ఆ గుడి గోడల్లో, మంటపాల్లో పొదిగిన రాతిపలకలు. 1830లలో మూడో రామ రాజు ఆ గుడిని బాగుచేయించినప్పుడు వైద్యం, నరాల పటాలు, ఛందస్సు, నీతులు, చరిత్ర రాళ్ళ మీద చెక్కించాడు. 1,400కు పైగా పలకలు. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు, రాసుకుని పోవచ్చు. 2011లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

1884లో ఐదో రామ రాజు మామూలు జనం పిల్లల కోసం మొదటి ప్రభుత్వ బడి పెట్టించింది కూడా గుడిలోనే, వాట్ మహన్ అనే గుడిలో. 1898లో పల్లెల్లో చదువు విస్తరించే పనిని భిక్షువులకే అప్పగించాడు. 1921లో నిర్బంధ ప్రాథమిక విద్య చట్టం వచ్చింది. అంటే చట్టం రావడానికి ముందే ఊరూరా బడి కట్టడం ఉంది, పంతులు ఉన్నాడు, చదువుకు పిల్లవాడిని పంపే అలవాటు ఉంది. ఇప్పటికీ అక్కడ ఎన్నో ప్రభుత్వ బడుల పేర్లలో గుడి పేరు ఉంటుంది.

ఒక సంగతి దాచకూడదు. ఈ ఏర్పాటులో ఆడపిల్లలకు చోటు లేదు. భిక్షువయ్యేది మగవాడే, కాబట్టి గుడిబడి కూడా మగవాడిదే. 1928లో ఆడవాళ్ళకు భిక్షుణి దీక్ష ఇవ్వకూడదని అక్కడి సంఘం ఆజ్ఞ కూడా వేసింది. అలాగే ఇప్పుడు చాలామంది మూడు నెలలు ఉండటం లేదు. ఏడు రోజులు, పదిహేను రోజులు ఉండి సెలవు అయిపోగానే ఉద్యోగానికి పోతున్నారు. అయినా ఏడాదికొకసారి ఆ తలుపు తెరుచుకుంటుంది. ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎప్పుడు మూసుకుంటుందో పిల్లవాడికి కూడా తెలుసు.

ఇక రెండో గుడి సంగతి. వాట్ మహన్‌కు నడిచి పోయే దూరంలో రెండు ఎత్తైన ఎర్రని స్తంభాలు నిలబడి ఉన్నాయి. సావో చింగ్ చా, పెద్ద ఊయల. దాదాపు 21 మీటర్ల ఎత్తు. పక్కనే దేవస్థానం. వాళ్ళూ ఆ మాటే అంటారు, కొంచెం నోరు తిప్పి. 1784లో మొదటి రామ రాజు కట్టించినది. శివుడికి, వినాయకుడికి, విష్ణువుకు మూడు మందిరాలు. అక్కడి రాజబ్రాహ్మణులు తెల్లబట్టలు కట్టి, జుట్టు ముడి వేసుకుంటారు. పట్టాభిషేకానికి వీళ్ళు ఉండాలి. మే నెలలో వానలకు ముందు రాజు తరఫున జరిగే దుక్కి పండుగకూ వీళ్ళే ఉండాలి. మన ఏరువాక లాంటిదే అది. దుక్కి దున్నే పెద్దమనిషి మూడు పంచెల్లో ఒకటి చూడకుండా తీస్తాడు. పొడుగు పంచె వస్తే వానలు తక్కువ, పొట్టిది వస్తే ఎక్కువ. నీళ్ళు ఎక్కువైతే పంచె పైకి ఎగగట్టాలి కదా. తర్వాత ఎడ్ల ముందు ఏడు రకాలు పెట్టి, అవి ఏది తింటే దాన్నిబట్టి పంట చెప్తారు.

ఈ బ్రాహ్మణుల పూర్వీకులు దక్షిణ భారతం నుంచి, రామేశ్వరం వైపు నుంచి వచ్చారని చెప్పుకుంటారు. దక్షిణ థాయిలాండ్‌లోని నకోన్ సి తమ్మరాట్‌లో తరతరాలు ఉండి బ్యాంకాక్ చేరారు. ధనుర్మాసం రోజుల్లో వీళ్ళు చేసే ఉత్సవం పేరు 'త్రియంపవాయ్ త్రిపవాయ్'. తమిళం తెలిసిన మనకు చెప్పనక్కరలేదు, తిరువెంబావై, తిరుప్పావై. ఆ ఉత్సవంలో భాగంగానే ఆ ఊయల ఊగేవారు. 1935లో ఊగడం మానేశారు. పఠనం ఉంది. తిరువెంబావై, తేవారం పద్యాలను గ్రంథ లిపి పుస్తకాల నుంచి ఇప్పటికీ చదువుతారు. తమిళ పండితులు విని, అరిగిపోయిన ఆ పలుకుల వెనక ఉన్న పద్యాలను గుర్తుపట్టారు. కానీ చదివేవాళ్ళకు అది మంత్రం, భాష కాదు. అర్థం తెలిసి ఇంట్లో మాట్లాడుకునే తమిళం వాళ్ళ దగ్గర ఎప్పుడో ఆగిపోయింది.

ఆ గుడి ముందు బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. వాన వచ్చి వెలిసింది కూడా. వాళ్ళను తక్కువ చేయడానికి నాకేం హక్కు ఉంది? సముద్రం దాటి పోయి, ఇన్ని తరాల తర్వాత కూడా ఒక్క పద్యం పోగొట్టుకోకుండా నిలబెట్టడం చిన్న పనా? రాజు ఉన్నాడు, రాజుకు ఆ పద్యం కావాలి, అందుకని పద్యం నిలిచింది. కానీ తమిళం నేర్చుకోవడానికి ఒక కాలం, ఒక చోటు, పంపే అలవాటు వాళ్ళకు లేవు. అందుకని భాష పోయింది. అదే ఊళ్ళో, నడిచిపోయే దూరంలో, పాలి భాష ఇంకా చదువుతున్నారు, పరీక్షలు రాస్తున్నారు. పాలి ఎవరి ఇంటి భాషా కాదు. ఎవరి అమ్మా మాట్లాడని భాష నిలిచింది, అమ్మలు మాట్లాడిన భాష పోయింది. ఒకదానికి ఏడాదిలో మూడు నెలలు రాసిపెట్టి ఉన్నాయి, ఇంకోదానికి లేవు. నాకు కనిపించిన తేడా ఇదే.

మూడో గుడి మనకు ఇంకా దగ్గరది. సీలోమ్ రోడ్డులో మారియమ్మ గుడి. 1870ల చివర్లో తమిళనాడు నుంచి పోయినవాళ్ళు కట్టుకున్నది. గోపురం చూడగానే మన ఊరు గుర్తొస్తుంది. థాయివాళ్ళు దాన్ని 'వాట్ ఖేక్' అంటారు. ఖేక్ అంటే అతిథి, చుట్టపుచూపుగా వచ్చినవాడు. ఇండియావాళ్ళనూ, పడమటి నుంచి వచ్చిన ముస్లింలనూ వాళ్ళు ఆ మాటతోనే పిలుస్తారు. గుడి కట్టి 140 ఏళ్ళు దాటినా అది ఇంకా చుట్టాల గుడే. నేను పోయిన రోజు లోపల మొక్కుతున్నవాళ్ళలో ఎక్కువమంది థాయివాళ్ళు, చేతిలో పూలమాల, నోట్లో థాయి. అమ్మవారు అందరి మాటా వింటుంది, అందులో అనుమానం లేదు. ప్రసాదం ఇచ్చిన ఆయన నాతో తమిళంలో మాట్లాడాడు. నేనూ తమిళంలోనే జవాబు చెప్పాను. మీ వదిన నా చెవిలో తెలుగులో ఏదో అంది. ఆయన, 'మీరు తెలుగువాళ్ళా, మరి ఇంత మంచి తమిళం ఎలా?' అని అడిగాడు. మన కథ చెప్పాను. నాయకరాజుల కాలం నుంచి కొంగునాడులో ఉన్నామని, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం అని. ఆయన అడిగిన తర్వాతి ప్రశ్న ఇది: 'మీ మనవళ్ళు తెలుగు చదువుతారా?'

నా దగ్గర జవాబు లేదు. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది 46వ ఏట. అంతకుముందు మా నాన్న మా తాతకు రాసిన తెలుగు ఉత్తరాలు పెట్టెలో ఉంటే, అవి నాకు బొమ్మల్లా కనిపించేవి. ఆయన పోయిన తర్వాత గాని చదవలేకపోయాను. ఒక ఉత్తరంలో నా గురించి రెండు వాక్యాలు ఉన్నాయి. ఆయన బతికుండగా అవి చదివి ఉంటే ఒక మాట అడిగేవాణ్ణి. ఇప్పుడు అడగలేను.

ఆలోచిస్తే మనది దేవస్థానం బ్రాహ్మణులకు తిరగేసిన కథ. వాళ్ళ దగ్గర పుస్తకం ఉంది, మాట లేదు. మన దగ్గర మాట ఉంది, పుస్తకం లేదు. అక్షరం లేని మాట ఎన్ని తరాలు నిలుస్తుంది? ఇప్పటికే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు తెలుగులో అడుగుతారు, పిల్లలు తమిళంలోనో ఇంగ్లీషులోనో చెప్తారు. 2006లో తమిళ అభ్యాస చట్టం వచ్చాక బడిలో తెలుగుకు దారి ఇంకా ఇరుకయింది. దాని గురించి మనం అర్జీలు పెట్టుకుంటున్నాం, పెట్టుకుందాం. కానీ అర్జీ ఒకటే చాలదు.

మన ఆదివారం తరగతి ఎందుకు ఆగిందో నాకు ఇప్పుడు కొంత అర్థమైంది. దానికి మొదలుంది గాని ముగింపు లేదు. ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం అన్నాం. పెళ్ళి వచ్చింది, పరీక్ష వచ్చింది, క్రికెట్ వచ్చింది. ఒకరు మానేస్తే ఇంకొకరు మానేశారు. పిల్లలకు చెప్పాం గాని, అయిపోతే వాళ్ళు ఏమవుతారో చెప్పలేదు. ఆ టాక్సీ ఆయన కొడుకు ఏ రోజు లోపలికి పోతాడో, ఏ రోజు బయటికి వస్తాడో ఊరంతటికీ తెలుసు. వచ్చాక వాడిని వేరే పేరుతో పిలుస్తారని కూడా తెలుసు.

అందుకే నా మనవి ఇది. వచ్చే ఆషాఢ పూర్ణిమ నుంచి ఆశ్వయుజ పూర్ణిమ దాకా, మూడు నెలలు, తెలుగు బడి పెడదాం. వారానికి ఒక్క రోజు కాదు, రోజూ సాయంత్రం ముప్పావుగంట, మన కల్యాణ మంటపం పక్క గదిలో. ప్రతి ఇంటి నుంచి ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరే, ఆ మూడు నెలలు ఒప్పుకోవాలి. పిల్లలే కానక్కరలేదు. కోడళ్ళు రావచ్చు, తాతలు రావచ్చు. థాయి గుడిబడి చేసిన తప్పు మనం చేయవద్దు, ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే వరసలో కూర్చుంటారు. మూడు నెలల్లో అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వస్తాయి, నాకు 46లోనే వచ్చాయి. ఆఖరి రోజున అందరి ముందు ఒక్కొక్కరు తమ ఇంటి పాత కాగితం ఏదైనా ఒకటి, ఉత్తరమో, పెళ్ళిపత్రికో, భూమి కాగితమో, నిలబడి చదవాలి. మరుసటి ఏడు అదే ఇంటి నుంచి ఇంకొకరు వస్తారు.

పంతులమ్మగారిని నేను అడిగాను, వస్తానన్నారు. గది సంగతి కార్యదర్శి అన్నగారు చూడాలి. మా ఇంటి నుంచి ఈసారి వచ్చేది మా చిన్న కోడలు, ఆమె ఇంట్లో అందరూ తమిళమే. మీ ఇంటి నుంచి ఎవరో పేరు ఈ నెలాఖరు లోపల నాకు చెప్పండి. పది ఇళ్ళ పేర్లు వచ్చినా చాలు, మొదలుపెడదాం.